ఊళ్లో కేసు, బెంగళూరులో నేను: ఈ-కోర్ట్స్ యాప్‌తో నాలుగేళ్లు

మాది మడకశిర వైపు పల్లె. మ్యాపులో ఆంధ్ర ముక్క ఒకటి కర్ణాటకలోకి చొచ్చుకుపోయి, మూడు వైపులా వాళ్లే ఉన్నట్టు కనిపిస్తుందే, ఆ ముక్కలో. పొలం గట్టు మీద నిలబడితే ఫోన్‌కు కర్ణాటక టవర్ అందుతుంది, ఇంట్లోకి వస్తే ఏదీ అందదు. నేనుండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. 2021లో ఆ గట్టు దగ్గరే తగాదా ముదిరి కొట్లాట అయింది. అవతలివాళ్లు కేసు పెట్టారు, మావాళ్లు కౌంటర్ కేసు పెట్టారు, పోలీసులు రెండూ కట్టారు. ఒకదాంట్లో మా నాన్న ఎ3, అంటే మూడో నిందితుడు. కోర్టు కేసుల వాయిదాలు, వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ యాప్ నా ఫోన్‌లోకి వచ్చింది అలాగే. సరదాకి దించుకునే యాప్ కాదు కదా.

అంతకుముందు మాకు లాయరు గారి గుమాస్తానే దిక్కు. ఆయన చెప్పిన తేదీకి ముందురోజు సాయంత్రం హిందూపురం దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, ఆపైన షేర్ ఆటో. పొద్దున్నే నాన్నను వెంటబెట్టుకుని కోర్టుకు వెళ్తే టీ తాగుతుండగా ఆయనే ఎదురొచ్చి, “జడ్జి సార్ లీవప్పా, వాయిదా ఏసినారు” అనేవాడు. అలా రెండుసార్లు అయ్యాక, ఒక కొలీగ్ ఈ యాప్ సంగతి చెప్పాడు.

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది సీఎన్ఆర్ నంబరు. దేశంలో జిల్లా, తాలూకా కోర్టుల్లో రిజిస్టరైన ప్రతి కేసుకూ పదహారు గడుల నంబరు ఒకటి ఉంటుంది. మొదటి రెండక్షరాలు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, మధ్యలో అంకెలు కోర్టువీ కేసువీ, చివరి నాలుగు సంవత్సరం. మధ్యలో గీత గానీ ఖాళీ గానీ లేకుండా కొట్టాలి. అది ఒక్కసారి దొరికితే చాలు, పేర్లతో పని లేదు. మా కేసు సీఎన్ఆర్‌ను నాన్న ఆధార్ జిరాక్స్ వెనక రాసిచ్చాను, ఆయన ఇప్పటికీ జేబులో పెట్టుకుని తిరుగుతాడు.

కేసు తెరిచాక ‘హిస్టరీ’ అని ఉంటుంది. పాత తేదీల్లో దేని మీద నొక్కినా ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు ముక్కల్లో వస్తుంది. ఎ1, ఎ3 హాజరు, ఎ2 గైర్హాజరు, పిటిషన్ వేశారు, అనుమతించారు, ఫలానా తేదీకి కాల్ ఆన్, అంటే వాయిదా. అంతే. ఆ కోర్టు ఇంగ్లీషు మొదట్లో నాకే అర్థమయ్యేది కాదు. ఎన్‌బీడబ్ల్యూ అంటే నాన్‌బెయిలబుల్ వారెంటని తెలిసిన రోజు చెమటలు పట్టాయి. తీరా చూస్తే అది ఎ2కి పడింది, మాకు కాదు. ఎ2 మా చిన్నాన్న. ఆయన వాయిదాకు ఎగ్గొట్టిన సంగతి పక్క వీధిలో ఉన్న నాన్నకు కూడా తెలియదు, నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాకు ముందు తెలిసింది. రాత్రికి రాత్రి ఫోన్ చేసి తిట్టి, మర్నాడే లాయరు దగ్గరికి పంపించాం.

ఇక్కడే ఒక తిరకాసు. యాప్‌లో కనిపించేది కోర్టు సిబ్బంది ఎక్కించిందే. మా కోర్టులో కొన్నిసార్లు సాయంత్రానికే ఎక్కిస్తారు, కొన్నిసార్లు మూడు రోజులకు. కోర్టు పేరు చెప్పను, అక్కడ ఉన్నదే నలుగురు మనుషులు. అందుకే యాప్ చూసినా గుమాస్తాన్నకు ఫోన్ చేయడం మానలేదు. కేసులను ఫోన్‌లో దాచుకునే సౌకర్యం ఉంది గానీ, దానికి లాగిన్ ఏమీ లేదు, దాచినవి ఫోన్‌లోనే ఉంటాయి. ఫోన్ మార్చినప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలని తెలియక మొత్తం పోగొట్టుకున్నాను. నా తప్పే.

కొత్తగా వెతికేవాళ్లు ముందు తడబడేది జిల్లా దగ్గర. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా మండలం అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ఎస్పీ, కలెక్టరు పుట్టపర్తిలో. కానీ కోర్టుల లెక్క వేరు. యాప్‌లో మా కోర్టును వెతకాలంటే నేను ఇప్పటికీ అనంతపురం కిందకే పోవాలి. ఎఫ్ఐఆర్ కోసం పోలీసుల సైట్‌కు పోతే మాత్రం కొత్త జిల్లా. ఈ తేడా తెలియక మా ఊరి కుర్రాడొకడు గంటసేపు వెతికి, “కేసే లేదన్నా, కొట్టేసినట్టున్నారు” అని వాళ్ల నాన్నకు చెప్పాడు. పాపం ఆయన టెంకాయ కూడా కొట్టాడు.

ఎఫ్ఐఆర్ సంగతికొస్తే, 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న చెప్పింది. ఊరు మారుమూలై నెట్ అందకపోతే 48 గంటలు, మహా అయితే 72. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి కేసులవి మాత్రం పెట్టరు. అది న్యాయమే. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు స్టేషన్‌లోనే కాపీ ఉచితంగా ఇవ్వాలి. మావైపు చాలామందికి ఇది తెలియదు, జిరాక్స్ షాపులో రెండు వందలిచ్చి ప్రింటు తీయించుకుంటారు. ఇంకో మంచి దారి కూడా ఉంది. ఈ-కోర్ట్స్‌లో పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం ఇస్తే దాని మీద నడుస్తున్న కోర్టు కేసు బయటపడుతుంది. కాకపోతే ఛార్జిషీటు వేసి, కోర్టు దాన్ని తీసుకుని సి.సి. నంబరు, అంటే కోర్టు కేసు నంబరు, వేసేదాకా కేసు కోసం వెతికి లాభం లేదు. ఈలోపు బెయిలు పిటిషన్ వేసుంటే దాని నంబరు వేరుగా ఉంటుంది. మేము నెలల తరబడి ఆ బెయిలు పిటిషన్‌నే కేసనుకుని చూస్తూ కూర్చున్నాం. ‘డిస్పోజ్డ్’, అంటే ముగిసిందని, కనిపిస్తే పండగ చేసుకోబోయాం కూడా.

పేరుతో వెతకడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దానివల్ల మా బామ్మర్ది ఉద్యోగం పోబోయింది. 2023లో వాడికి ఇక్కడే ఒక కంపెనీలో ఆఫర్ వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు ఏదో ఏజెన్సీకి ఇచ్చారు. వారం తర్వాత వాడి నుంచి ఫోన్. “బావా, నా మీద క్రిమినల్ కేసుందంట!” వాడు చీమకు కూడా హాని చేయడు. వాడి పేరు ఆంజనేయస్వామిది. మావైపు శనివారం గుడి దగ్గర ఆ పేరు పెట్టి కేకేస్తే పదిమంది తలతిప్పుతారు.

రాత్రి కూర్చుని నేనే వెతికాను. పేరుతో వెతకాలంటే కోర్టు, సంవత్సరం, కనీసం మూడక్షరాలు ఇవ్వాలి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, ఎవరు టైపు చేస్తే వాళ్ల స్పెల్లింగు. ‘హనుమంత’లో ‘త’కి ఒకరు ఒట్టి ‘టి’ వేస్తారు, ఒకరు పక్కన ‘హెచ్’ కూడా వేస్తారు. ‘అప్ప’కు ఒకచోట రెండు ‘పి’లు, ఒకచోట ఒకటే. ఇంటిపేరు ముందో వెనకో, అసలు ఉండదో. పూర్తి పేరు కొడితే ఒక్కటీ రాలేదు. మొదటి నాలుగక్షరాలే కొట్టి ఏడాది ఏడాదికీ చూసుకుంటూ పోతే, అందులో ఒకటి ఏజెన్సీ రిపోర్టులోని కేసు. పేకాట కేసు, తీర్పు కూడా అయిపోయింది.

తీర్పు పీడీఎఫ్ అక్కడే ఉంది. తెరిస్తే మొదటి పేజీలోనే ముద్దాయి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు. తండ్రి పేరు వేరు. వయసు 52. మావాడికి 26. అంటే ఏజెన్సీ ఆ పీడీఎఫ్ తెరవనే లేదు, పేరు కలిసింది కదా అని టిక్కు పెట్టి పంపేసింది. హెచ్ఆర్ అమ్మాయికి పంపిస్తే, “ఇది సర్టిఫైడ్ కాపీ కాదు కదా సార్” అంది. నిజమే, డౌన్‌లోడ్ చేసుకున్న కాగితం కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుతో సమానం కాదు. ఆ నకలు తేవాలంటే కేసుతో సంబంధం లేనివాడు కారణం చెప్పి అర్జీ పెట్టుకోవాలి, కోర్టు ఒప్పుకోవాలి, కోర్టు ఫీజు కట్టాలి, ఆపైన ఎదురుచూడాలి. ఆఫర్‌కు మిగిలింది ఆరు రోజులు. చివరికి వాడి పదో తరగతి సర్టిఫికెట్, ఆ పీడీఎఫ్ పక్కపక్కన పెట్టి, ఒక డిక్లరేషన్ రాసి పంపితే ఒప్పుకున్నారు. ఉద్యోగంలో చేరాడు. కానీ ఆ ఆరు రోజులూ మా అత్తగారింట్లో అందరూ వాడిని చూసిన చూపు మాత్రం వాడు మర్చిపోలేదు. “నిజం చెప్పు రా, ఎప్పుడైనా ఆడావా?” అని మా మామగారే అడిగారు.

అరెస్టు సమాచారానికి ఈ యాప్ పనికిరాదు, అది దాని పనీ కాదు. పోయిన ఏడాది మా పెద్దమ్మ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, కొడుకును పోలీసులు ఎత్తుకెళ్లారు, ఎక్కడున్నాడో నీ ఫోన్‌లో చూడు నాయనా అంది. అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, నేరం వివరాలు స్టేషన్‌లోనూ జిల్లా స్థాయిలోనూ అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టంలో ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 41-సి కింద జిల్లా కంట్రోల్ రూమ్ బోర్డు ఉండేది, దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 37వ సెక్షన్ స్టేషన్లను కూడా చేర్చింది, డిజిటల్‌గానూ పెట్టవచ్చంది. మా అన్న కోసం వెళ్లిన స్టేషన్‌లో బోర్డు ఉంది. దాని మీద ఉన్న చివరి పేరు పక్కన తేదీ ఐదు నెలల కిందటిది. స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌ను అడిగితేనే తెలిసింది, పక్క మండలం స్టేషన్‌లో ఉన్నాడని. అరెస్టు చేస్తే ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది పోలీసులే, ప్రయాణం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇవి తెలిసుంటే అడిగేటప్పుడు గొంతు కొంచెం లేస్తుంది. వెతుకులాట మాత్రం కాళ్లతోనే.

నన్నడిగితే వాయిదాల కోసం ఐదుకు నాలుగు ఇస్తాను, డబ్బులు అడగదు కాబట్టి ఇంకో అర. పేరు వెతుకులాటకు ఒకటి, అదీ తీర్పు పీడీఎఫ్ తెరిచి చదివే ఓపిక ఉన్నవాళ్లకే.

మా నాన్న కేసు ఇంకా నడుస్తోంది, సాక్షుల దశలో. నిన్న రాత్రి చూస్తే తర్వాతి వాయిదా 18 అని ఉంది. గుమాస్తాన్న 20 అంటున్నాడు. పొద్దున మళ్లీ ఫోన్ చేయాలి, రైలు టికెట్ ఇంకా తీయలేదు.