డెడ్‌వుడ్ యాత్ర: లాడ్జి ముంచింది, అభిమానులు గట్టెక్కించారు

అమెరికాలో సౌత్ డకోటాలోని డెడ్‌వుడ్ వెళ్లాలనుకునే వాళ్లకి ముందుగా ఒక మాట. ఆ ఊరి మీద వచ్చిన టీవీ సీరియల్ పేరు చెప్పి అమ్మే గది మాత్రం తీసుకోకండి. ఆ ఊళ్లో మేం చూసినవి దాదాపు ఉచితం, కాదంటే ఒకటి రెండు డాలర్లు. డబ్బంతా లాగేది ఇలాంటి గదులే.

మేం డెన్వర్ నుంచి 2019 జూన్‌లో వెళ్లాం. నేను, మా ఆవిడ, పాప, బావమరిది. సుమారు 400 మైళ్ల దారి. షాయెన్ దాటాక వ్యోమింగ్‌లో గడ్డి, ఆకాశం తప్ప ఇంకేమీ కనపడవు. రోడ్డు బాగుంది, హాయిగా వెళ్లిపోయాం.

ఈ సీరియల్ పిచ్చి లేనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. 'డెడ్‌వుడ్' హెచ్‌బీఓలో 2004 నుంచి 2006 వరకు వచ్చిన వెస్టర్న్ సీరియల్. మూడు సీజన్లు, 36 ఎపిసోడ్లు. బంగారం కోసం ఎగబడిన జనం, చట్టం లేని ఊరు, దాన్ని తన సెలూన్ (సారా దుకాణం) బాల్కనీ నుంచి నడిపించే అల్ స్వెరింజన్, షెరీఫ్ సేత్ బులక్. మూడో సీజన్ చివర్లో గనుల యజమాని జార్జ్ హర్స్ట్ చేయాల్సిన దుర్మార్గమంతా చేసి, చెక్కుచెదరకుండా బండెక్కి వెళ్లిపోతాడు. అక్కడితో సీరియల్ ఆపేశారు. రెండేసి గంటల సినిమాలు రెండు తీసి కథ ముగిస్తామన్నారు, తీయలేదు. చివరికి 2019 మే 31న ఒకే ఒక్క సినిమా వచ్చింది. దాదాపు పదమూడేళ్లు! దీన్ని సృష్టించిన డేవిడ్ మిల్చ్ తనకి అల్జీమర్స్ వచ్చిందని విడుదలకి ముందే బయటపెట్టారు. అందుకని ఆ సినిమా కోసం ఎదురుచూడటంలో ఆత్రంతో పాటు బెంగ కూడా ఉంది.

బావమరిది ఎంఎస్ చదివే రోజుల్లో రూమ్మేట్ల డీవీడీల్లో చూసి నాకు అంటించాడు. మా ఆవిడకి మా ఇద్దరి గోల అస్సలు పట్టదు. "మా నాన్నకి కౌబాయ్ అంటే కృష్ణే. 'మోసగాళ్లకు మోసగాడు' 1971లోనే వచ్చింది, మూడు గంటల్లో కథ తేల్చేశారు. మిగతాది పదమూడేళ్ల తర్వాత చూపిస్తామని ఎవరూ అనలేదు" అంటుంది. దీనికి మా దగ్గర జవాబు లేదు.

సినిమా రాగానే చూసేయకుండా ఆ ఊళ్లోనే చూద్దామని బావమరిది పట్టుబట్టాడు. కారణం అక్కడి ఒక లాడ్జి ప్రకటన. మెయిన్ స్ట్రీట్‌కి దగ్గర, సీరియల్ థీమ్ గది, శనివారం రాత్రి లాబీలో అభిమానులందరికీ సినిమా ప్రదర్శన. పేరు రాయను, రాస్తే దానికి ప్రచారం చేసినట్టవుతుంది. లెక్క మాత్రం రాస్తాను. గది రాత్రికి 189 చొప్పున రెండు రాత్రులకి 378 డాలర్లు. రిసార్ట్ ఫీజు రోజుకి 18, అంటే 36. అక్కడ రిసార్ట్ ఏముందని అడిగితే లాబీలో కాఫీ మిషన్ చూపించారు. పార్కింగ్ 20. సినిమా టికెట్ పెద్దవాళ్లకి తలా 20, మా ముగ్గురికి 60. మొత్తం 494, పన్నులు అదనం.

థీమ్ అంటే ఏమిటనుకున్నారు? మంచం పైన ఫ్రేమ్ కట్టిన పోస్టర్ ఒకటి, మేకుకి తగిలించిన ప్లాస్టిక్ టోపీ ఒకటి. కిటికీ తీస్తే పక్క భవనం గోడ. కింద క్యాసినో, స్లాట్ మిషన్ల టింగుటింగు తెల్లవారుజామున రెండింటి దాకా. పాపకి ఆ చప్పుడు నచ్చి పాట అనుకుంది, మాకే నిద్ర లేదు. ఈ ఊళ్లో జూదం 1989 నవంబర్ 1న చట్టబద్ధమైంది. పాత భవనాలు బాగుచేయించడానికి ఆ డబ్బే ఆధారం, కాబట్టి క్యాసినోల మీద నాకు కోపం లేదు. నిద్రపోయే గది దాని నెత్తిన కట్టి, దానికి 'చారిత్రక' అని పేరు పెట్టడం మీదే కోపం.

శనివారం రాత్రి సినిమా. లాబీలో కుర్చీలు పాతిక దాకా ఉంటాయి, నిండిపోయాయి. టీవీ మా ఇంట్లో దానికన్నా చిన్నది. మొదలైన పది నిమిషాలకే ఒక ఉద్యోగి వచ్చి సౌండ్ తగ్గించాడు. ఇందులో బూతులు ఎక్కువగా ఉన్నాయట, పిల్లలున్న కుటుంబాలు వస్తూపోతూ ఉంటాయట. 'డెడ్‌వుడ్'లో బూతులు తీసేస్తే మిగిలేది గుర్రాల సకిలింపే! ఆ సంభాషణలు అటు నాటక పద్యంలా, ఇటు కల్లు పాక తగాదాలా సాగుతాయి. రెండూ కలిసి ఉండబట్టే జనం దాని వెంట పడ్డారు. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి సౌండ్ పెంచింది. అతను మళ్లీ తగ్గించాడు. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక బొమ్మ ఆగిపోయింది. సాంకేతిక సమస్య అన్నారు. డబ్బులు వెనక్కి ఇవ్వమంటే టికెట్‌లో పాప్‌కార్న్ కూడా కలిసి ఉంది, అది తినేశారు కదా అన్నారు. బావమరిది ముఖం చూడలేకపోయాను. పదమూడేళ్లు ఆగినవాణ్ణి అరగంట చూపించి లేపేశారు.

ఆ పెద్దావిడే మమ్మల్ని గట్టెక్కించింది. మినసోటా నుంచి వచ్చిన రిటైర్డ్ దంపతులు, ఊరి చివర క్యాంపుగ్రౌండ్‌లో వాళ్ల ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, ఉంది. టీవీ ఉంది, హెచ్‌బీఓ లేదు. నా దగ్గర అప్పట్లో నెలకి 14.99 డాలర్ల హెచ్‌బీఓ నౌ ఖాతా (ఆన్‌లైన్‌లో హెచ్‌బీఓ చూసేది) ఉండేది. ల్యాప్‌టాప్ తీసుకెళ్లి వైరు తగిలించి, బావమరిది ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపించాం. నెబ్రాస్కా లారీ డ్రైవర్ ఒకాయన, సూ ఫాల్స్ నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి ఒకరు కూడా వచ్చారు. మా ఆవిడ దారికని కట్టిన పులిహోర తీసింది, పెద్దావిడ రూబార్బ్ కేకు కోసింది. పాప పై బెర్తులో నిద్రపోయింది. 494 డాలర్లు పెట్టినా దొరకని ప్రదర్శన పైసా ఖర్చు లేకుండా దొరికింది.

ఇక్కడి నుంచి సినిమా కథ బయటపడుతుంది, చూడనివాళ్లు ఈ పేరాలు వదిలేయండి. 1889లో సౌత్ డకోటా రాష్ట్రమైన సంబరాలకి అందరూ ఊరికి తిరిగొస్తారు. హర్స్ట్ ఇప్పుడు కాలిఫోర్నియా సెనేటర్, టెలిఫోన్ స్తంభాలు వేయించడానికి వచ్చాడు. అడ్డొచ్చిన చార్లీ అటర్‌ని, బులక్ స్నేహితుణ్ణి, చంపిస్తాడు. చార్లీ శవం కనపడగానే లారీ డ్రైవర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, అయిపోయేదాకా మళ్లీ పెట్టుకోలేదు. బులక్ హర్స్ట్‌ని చెవి పట్టుకుని ఈడ్చుకెళ్లేటప్పుడు ఆర్‌వీ ఊగింది, నిజంగానే ఊగింది. స్వెరింజన్ దగ్గర పనిచేసిన ట్రిక్సీకి, బులక్ వ్యాపార భాగస్వామి సోల్ స్టార్‌కి పెళ్లి దగ్గర పెద్దావిడ ఏడ్చింది, వాళ్లాయన ఏడవనట్టు నటించాడు. మా ఆవిడ మధ్యమధ్యలో "ఈయనెవరు? ఈవిడ ఆయనకేమవుతుంది?" అని అడుగుతూనే ఉంది. కాలేజీ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆ అమ్మాయి సీరియల్ మొత్తం ఆ వసంతంలోనే చూసిందట, సినిమా కోసం ఆగింది రెండు వారాలు. ఆ మాట విని బావమరిది ఆమెను చూసిన చూపులో కుళ్లు తప్ప ఇంకేమీ లేదు.

అయిపోయాక అసలు గొడవ మొదలైంది. బావమరిదికి తృప్తి లేదు. "బావా, మూడు సీజన్ల బాకీ రెండు గంటల్లో తీర్చేస్తారా? అందర్నీ ఒకసారి చూపించి చేతులు దులుపుకున్నారు" అన్నాడు. పెద్దావిడ ఒప్పుకోలేదు. కథలో పన్నెండేళ్లు గడిచాయి, బయట పదమూడు గడిచాయి, ఆ నటుల ముఖాల మీద ముడతలు మేకప్ కావు, నాకు అది చాలు అంది. సీరియల్‌లో నటించిన పవర్స్ బూత్ 2017లో పోయారు, ఆయన పాత్ర లేని లోటు ఆవిడకి కనపడిందట. నేను ఆవిడ వైపే. తొందరలో కొన్ని పాత్రలు నలిగిపోయిన మాట నిజం, హోటల్ ఓనరు ఫార్నమ్‌కి దక్కింది నాలుగు ముక్కలే. కానీ ఇయన్ మెక్‌షేన్ చేసిన స్వెరింజన్ లివర్ పాడైపోయి, ఏ రోజు ఏ వారమో గుర్తుపట్టలేక తడబడుతుంటే, రాసిన మనిషి మనసులో ఏముందో ఆలోచించకుండా ఉండలేం. ఆ దృశ్యాల కోసం మిగతా తొందరంతా క్షమించవచ్చు.

స్వెరింజన్ చివర్లో చనిపోయినట్టా, కాదా అని అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు. అసలు మనిషి 1889లో పోలేదు. 1904 దాకా బతికి, తలకి దెబ్బ తగిలి డెన్వర్‌లో చచ్చిపోయాడు. అది చెప్పగానే లారీ డ్రైవర్ మమ్మల్ని అనుమానంగా చూసి, మీ ఊరివాళ్లేనా చేసింది అన్నాడు.

మర్నాడు పొద్దున అందరం కలిసి మౌంట్ మొరయా శ్మశానానికి వెళ్లాం. ప్రవేశం అప్పట్లో తలా రెండు డాలర్లు. ఈ యాత్ర మొత్తంలో డబ్బుకి తగిన విలువ ఇక్కడే. ఆ కాలంలో పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ని 1876 ఆగస్టు 2న పేకాట బల్ల దగ్గర వెనకనుంచి కాల్చేశారు. అలాగే పేరుమోసి 1903లో పోయిన కెలామిటీ జేన్ అనే ఆవిడని ఆయన పక్కనే పెట్టారు. అక్కడ ఎప్పుడూ జనమే. బులక్ సమాధికి మాత్రం ఇంకా పైకి, నిట్టనిలువుగా ఎక్కాలి, చాలామంది సగంలోనే దిగిపోతారు. ఆయాసం ఉన్నవాళ్లు తొందరపడకండి, నీళ్లు తీసుకెళ్లండి. మా ఆవిడ మా అందరికన్నా ముందు ఎక్కేసి, "రాత్రి చెవి పట్టి లాగింది ఈయనేనా?" అంది. బులక్ పోయింది 1919 సెప్టెంబర్‌లో. వందేళ్లకి సినిమా వచ్చిందని బావమరిది లెక్క కట్టి, మొదటిసారి నవ్వాడు.

ఊళ్లో సీరియల్ సెట్టు కోసం వెతక్కండి, ఉండదు. షూటింగ్ అంతా కాలిఫోర్నియాలో మెలడీ రాంచ్‌లో జరిగింది. స్వెరింజన్ అసలు జెమ్ థియేటర్ 1899లో చివరిసారి తగలబడింది, ఆ చోట ఇప్పుడు క్యాసినో హోటల్. ఇప్పుడున్న సెలూన్ నంబర్ 10 కూడా హికాక్ పోయిన అసలు చోటు కాదు, పేరొకటే. అయినా నేలంతా రంపపు పొట్టు చల్లిన ఆ సెలూన్‌లో కూర్చుని చిస్లిక్ తినండి. మాంసం ముక్కలు నూనెలో వేయించి ఉప్పు చల్లుతారు. మా ఊరి బండి మీద మటన్ వేపుడుకి దూరపు చుట్టంలా ఉంటుంది, కారం మాత్రం మీరే పట్టుకెళ్లాలి. వీధిలో తుపాకుల నాటకం ఉచితం, పాపకి అదే నచ్చింది. మేం వెళ్లినప్పుడు ఆడమ్స్ మ్యూజియంకి టికెట్ లేదు, తోచింది వేయొచ్చు. ఊళ్లో తిరిగే ట్రాలీ బస్సు అప్పట్లో ఒక డాలరు. కారు ఒకచోట పెట్టేసి దానిమీదే తిరగండి.

పక్కనే లీడ్ ఊళ్లో హర్స్ట్ డబ్బు పెట్టిన హోమ్‌స్టేక్ గని ఉంది. 2002లో మూసేశారు, లోతు 8,000 అడుగులు, ఇప్పుడు కింద భౌతికశాస్త్ర ప్రయోగశాల నడుస్తోంది. పైనుంచి కనపడే గొయ్యి చూస్తే సినిమాలో హర్స్ట్ మీద వచ్చిన కోపం మళ్లీ వస్తుంది. కాలేజీ అమ్మాయి అక్కడ ఒక మాట అంది, నాకు నచ్చింది. ఈ కొండలన్నీ 1868 ఒప్పందంలో ఇక్కడి ఆదివాసులైన లకోటాలకి రాసిచ్చినవి. బంగారం కనపడగానే లాక్కున్నారు. అది తప్పేనని 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకుని పరిహారం ఇమ్మంటే, మాకు డబ్బు వద్దు, భూమి కావాలని లకోటాలు ఇప్పటికీ తీసుకోలేదు. హర్స్ట్‌కి శిక్ష పడాలని పదమూడేళ్లు ఆగిన మనం వాళ్ల కథ సీరియల్‌లో లేదని ఒక్కసారైనా అడిగామా అంది. లారీ డ్రైవర్ ఏదో అనబోయి ఊరుకున్నాడు.

ఉండటానికి లీడ్ లేదా స్పియర్‌ఫిష్ మేలు, పది పదిహేను మైళ్ల లోపే. ఆగస్టు మొదట్లో వద్దు. పక్కనే స్టర్జిస్‌లో మోటార్‌సైకిళ్ల జాతర, గది రేట్లు ఆకాశంలో ఉంటాయి.

లాడ్జికి ఇంటికొచ్చాక మూడు మెయిళ్లు పెట్టాం. సినిమా టికెట్ల 60 డాలర్లకి బదులు, మళ్లీ వచ్చినప్పుడు బిల్లులో 60 తగ్గిస్తామని కూపన్ పంపారు. దాన్ని వాడుకోవాలంటే కనీసం రెండు రాత్రులు బస చేయాలట, రిసార్ట్ ఫీజుకి వర్తించదట. బావమరిది దాన్ని మినసోటా దంపతులకి ఫార్వర్డ్ చేస్తే, ఆవిడ సినిమాలో వాడే బూతొకటి జవాబుగా పంపింది.