నీళ్లలోకి తోయాలా, జంతు చికిత్స కేంద్రానికి తరలించాలా, అక్కడే వదిలేయాలా?

ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రాణి కనబడగానే నలుగురూ చేరి చేసే మొదటి పని దాన్ని మళ్లీ సముద్రంలోకి తోయడం. నీళ్లు లేక చచ్చిపోతోందని టెన్షన్. చేపయితే అది నిజమే. కానీ తాబేలు, సీల్ (సముద్రంలో వేటాడి ఒడ్డున సేదతీరే క్షీరదం), డాల్ఫిన్ గాలి పీల్చుకుని బతికేవి. తాబేలు ఒడ్డున పడి ఉందంటే చాలాసార్లు ఈదే ఓపిక లేకనే.

తాబేలు విషయంలో నాకు అనుమానమే లేదు, కేంద్రానికి తరలించడమే మేలు. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేలు సంగతి వేరు, దాని జోలికి పోకూడదు. నీరసించిపోయినదాన్ని అలల్లోకి నెడితే మాత్రం తల పైకెత్తి ఊపిరి తీసుకోలేక మునిగి చనిపోతుంది. నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే తాబేళ్లు మొద్దుబారిపోతాయి. గుండె నిమిషానికి ఒకట్రెండు సార్లే కొట్టుకునే స్థితి కూడా వస్తుంది. చూసినవాళ్లు చచ్చిపోయిందనే అనుకుంటారు. జాలిపడి ఇంటికి తీసుకెళ్లి వెచ్చబెట్టడం ఇంకా ప్రమాదం. కేంద్రంలో ఒంటి వేడిని రోజుకు రెండు మూడు డిగ్రీల చొప్పున మెల్లగా పెంచుతారు. నిమోనియా పట్టుకుంటే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

డాల్ఫిన్లు, తిమింగలాల దగ్గర లెక్క తిరగబడుతుంది. నీళ్లలో తేలే ఒళ్లు ఇసుక మీద పడితే సొంత బరువే ఊపిరితిత్తుల్ని, కండరాల్ని నలిపేస్తుంది. పైగా కొవ్వు పొర వల్ల ఒళ్లు వేడెక్కిపోతుంది. పెద్ద తిమింగలాన్ని పెట్టుకునే కేంద్రం ఎక్కడుంది? కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాటిని తిరిగి పంపడమే మేలు, అదీ శిక్షణ ఉన్నవాళ్ల చేతుల మీదుగానే. వాళ్లు వచ్చేదాకా తడి గుడ్డలు కప్పి నీళ్లు పోస్తూ ఉండాలి, తలపైన ఉండే శ్వాసరంధ్రంలోకి చుక్క కూడా పోకుండా. తోక పట్టి లాగితే వెన్ను దెబ్బతింటుంది. ఇంకో చిక్కు, ఒక్కదాన్నే పంపితే ఒడ్డున మిగిలినవాటి కోసం వెనక్కి వచ్చేస్తుంది. అందుకే వీలైతే గుంపును కలిపి వదులుతారు. 2020 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో దాదాపు 470 పైలట్ తిమింగలాలు ఒడ్డున చిక్కుకుంటే, ఎంత శ్రమపడ్డా 110 దాకానే దక్కాయి.

ఇక ఒంటరిగా కనబడే సీల్ పిల్లకు చాలాసార్లు ఏమీ చేయకపోవడమే మేలు. తల్లి వేటకు వెళ్లి ఉండొచ్చు. చుట్టూ జనం మూగితే అది దగ్గరికి రాదు. దూరంగా నిలబడి, కుక్కల్ని రానివ్వకుండా, రెస్క్యూ టీమ్‌కు ఫోన్ చేస్తే చాలు. గాయమో, మెడకు వల చుట్టుకోవడమో కనబడితే ఆ సంగతీ చెప్పాలి.

చమురు అంటిన పక్షుల దగ్గర పోలిక ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. పట్టుకోగానే కడగరు. ముందు వెచ్చబెట్టి, ద్రవాలు పట్టించి, కాస్త తేరుకున్నాకే సబ్బు నీళ్లు. కళ్ల చుట్టూ మెత్తటి బ్రష్‌తో రుద్దుతారు. అసలు ఓపిక కావాల్సింది సబ్బు వదిలించేటప్పుడు. కొంచెం మిగిలినా ఈకల్లోకి నీళ్లు దిగిపోతాయి. ఈకల మీద నీటిబొట్లు తామరాకు మీద లాగా జారిపోయేదాకా ధార పోస్తూనే ఉంటారు.

కడగడం కంటే చమురు అంటకుండా చూడటం మేలని నాకనిపించేది 2000 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి చమురు ఒలికిన ఉదంతం వల్లే. దాదాపు 19,000 పెంగ్విన్లను పట్టి శుభ్రం చేశారు. చమురు అంటని మరో 19,500ను ముందే పట్టుకుని, వందల కిలోమీటర్ల దూరంలోని పోర్ట్ ఎలిజబెత్ దగ్గర వదిలారు. అవి ఇంటిదారి పట్టి ఈదుకుంటూ వచ్చేలోపు ఇక్కడ చమురు తొలగించే పని నడిచింది. కాకపోతే గూళ్లలో పిల్లలున్న కాలంలో ఇలా తల్లిదండ్రుల్ని తరలిస్తే, ఆ పిల్లల్ని చేత్తో సాకే మనుషుల్ని కూడా వెతుక్కోవాలి.