నాలుగు బ్లాగులు, ఒకే సర్వరు: వర్డ్‌ప్రెస్ మల్టీసైట్ దీర్ఘకాల వినియోగంపై సమీక్ష

మా ఇంట్లోనూ బంధువర్గంలోనూ కలిపి నాలుగు తెలుగు బ్లాగులున్నాయి. కృష్ణా తీరంలోని పాత కట్టడాల గురించి 2007 నుంచి నేను రాస్తున్నది గూగుల్ వారి బ్లాగర్ సేవ ఇచ్చే బ్లాగ్‌స్పాట్ చిరునామాలో ఉండేది. పుస్తక పరిచయాల కోసం తరువాత మొదలుపెట్టినది వర్డ్‌ప్రెస్.కామ్‌లో ఉండేది. నా భార్య వంటల బ్లాగు బ్లాగర్ మీదే నడిచినా దానికి సొంత డొమైన్, అంటే డబ్బు కట్టి తీసుకున్న సొంత వెబ్ చిరునామా ఉంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావమరిది వ్యవసాయ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడు; మిరప సాగు మీద ఆయన రాసే బ్లాగు ఒక చౌక హోస్టింగులో ఉండేది. ఈ నాలుగింటినీ 2021లో ఒకే అద్దె సర్వరు మీదికి, ఒకే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరుతో అనేక సైట్లు నడిపే మల్టీసైట్ ఏర్పాటులోకి తెచ్చాను. అప్పటి నుంచి వాటి ఆలనాపాలనా అంతా విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి నుంచి నేనే చూస్తున్నాను. ఇన్నేళ్ల వాడకం తరువాత ఇందులో నిలిచినదేమిటో, శ్రమ పెట్టినదేమిటో ఈ ఆలోచనలో ఉన్న తెలుగు బ్లాగర్లకు చెప్పాలన్నదే ఈ సమీక్ష ఉద్దేశం.

నాలుగు పాస్‌వర్డులు, నాలుగు రకాల ఎడిటర్లు అనే ఇబ్బంది చిన్నది. అసలు కారణం వేరు. పద్నాలుగేళ్ల రాత, దాని కింద పాఠకులు రాసిన వ్యాఖ్యలు, మా అత్తగారు చెప్పగా నా భార్య రాసుకున్న ఊరగాయల కొలతలు, ఇవన్నీ ఎవరి నిబంధనల మీదో ఆధారపడి ఉన్నాయన్న దిగులు నన్ను వదలలేదు. బ్లాగర్‌ను పైరా ల్యాబ్స్ 1999లో ప్రారంభించింది, గూగుల్ 2003లో కొన్నది. ఇన్నేళ్లు ఉచితంగా చోటిచ్చినందుకు నాకు కృతజ్ఞతే తప్ప ఫిర్యాదు లేదు. అయితే ఉచితంగా దొరికిన చోటు ఎంతకాలం ఉంటుందో నిర్ణయించేది మనం కాదు.

నా ముందు మూడు దారులుండేవి. అన్నీ ఒకే బ్లాగులో కలిపేసి వర్గాలుగా విడదీయడం మొదటిది. హ్యూగో వంటి స్థిర పుటల పరికరంతో హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా తయారుచేసి పెట్టడం రెండోది. మల్టీసైట్ మూడోది. రాసేవారు ఒక్కరే అయితే నేను మొదటిదే ఎంచుకునేవాణ్ని. ఈ మాట ఇప్పటికీ గట్టిగా చెబుతాను. రెండోది భద్రతలో, వేగంలో అన్నిటికన్నా మేలైనది, కానీ వంటింట్లో నుంచి ఫోనులో బ్లాగు టపా రాసే మనిషికి, పొలం గట్టు మీద నుంచి ఫోటో పెట్టే మనిషికి అది పనికిరాదు. రాసేవారు ముగ్గురు, విషయాలు వేరు, పాఠకులు వేరు, చూసుకునే మనిషి మాత్రం ఒక్కడే అయినప్పుడు మల్టీసైట్ సరిగ్గా అతుకుతుంది.

ఒకే వర్డ్‌ప్రెస్ స్థాపన మీద అనేక సైట్లు నడపగల ఈ సదుపాయం 2010 జూన్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌తో మూల వర్డ్‌ప్రెస్‌లో చేరింది. అంతకుముందు ఇది వర్డ్‌ప్రెస్ ఎంయూ పేరుతో విడిగా ఉండేది. డేటాబేసు ఒక్కటే, అందులో ప్రతి బ్లాగుకూ టపాల, వ్యాఖ్యల, సెట్టింగుల పట్టికలు సంఖ్యతో విడివిడిగా ఉంటాయి, వాడుకరుల పట్టిక మాత్రం అందరికీ ఉమ్మడి. 2016 నాటి 4.5 వెర్షన్ నుంచి ఒక్కో బ్లాగుకు ఒక్కో సొంత డొమైన్ తగిలించడానికి ప్రత్యేక ప్లగిన్ (అదనంగా జతచేసే చిన్న ప్రోగ్రాం) కూడా అక్కరలేదు. అందువల్ల పాఠకుడికి ఇవి నాలుగు వేర్వేరు ఇళ్లుగానే కనిపిస్తాయి.

తరలింపులో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక అడిగినవి బ్లాగర్ నుంచి వచ్చిన రెండు బ్లాగులు. బ్లాగర్ ఇచ్చే బ్యాకప్ ఫైలులో టపాలు, వ్యాఖ్యలు ఉంటాయి కానీ బొమ్మలు ఉండవు, వాటి లంకెలే ఉంటాయి. దిగుమతి ప్లగిన్ ఆ లంకెలను పట్టుకొని పాత చోటు నుంచి బొమ్మలను తెచ్చుకుంటుంది కాబట్టి, పని పూర్తయ్యేదాకా పాత బ్లాగును కదిలించకూడదు. ప్రయోగానికి పెట్టుకున్న సర్వరులో ముందుగా దిగుమతి చేసి చూస్తే, ఉండవల్లి గుహలోని శయన విష్ణుమూర్తి ఫోటో గుర్తుపట్టలేనంత చిన్నదిగా వచ్చింది. బ్లాగర్ బొమ్మల చిరునామాలో ‘ఎస్320’ అనే ముక్క ఉంటే అది 320 పిక్సెళ్లకు కుదించిన నకలు. దాని స్థానంలో ‘ఎస్1600’ అని ఉంటే పెద్ద బొమ్మ వస్తుంది. అందుకని బ్యాకప్ ఫైలులోనే ఆ ముక్కలన్నీ మార్చి, ఆ తరువాత అసలు దిగుమతి చేశాను. తరలించబోయే వారెవరైనా ఈ ఒక్క పని ముందే చేసుకుంటే పాత ఫోటోలు దక్కుతాయి.

బొమ్మల తరువాత చిరునామాలు. తెలుగులో శీర్షిక పెట్టిన టపాకు బ్లాగర్ ఇచ్చే చిరునామా ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు: సంవత్సరం, నెల, ఆపైన ‘బ్లాగ్-పోస్ట్’, దాని వెనక ఏదో ఒక అంకె. గోంగూర పచ్చడికీ అదే, బొబ్బట్లకూ అదే. ఈ పేరులేని చిరునామాలకే పన్నెండు, పదమూడేళ్లుగా ఇతర బ్లాగుల నుంచి, బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే కూడలి వంటి సంకలినుల నుంచి, పాఠకులు దాచుకున్న లంకెల నుంచి రాకపోకలు సాగాయి. వాటిని తెంచేస్తే తరలింపు విజయవంతమైనట్టు కాదని నా అభిప్రాయం. వంటల బ్లాగుకు సొంత డొమైన్ ఉండడం ఇక్కడ ఎంతో కలిసొచ్చింది. డొమైన్‌ను కొత్త సర్వరు వైపు తిప్పగానే పాత చిరునామాలన్నీ మా గుమ్మానికే వచ్చాయి. పాతదానికి ఎదురుగా కొత్తది రాసిన జాబితా ఒకటి, సర్వరులో పుటలను పాఠకుడికి అందించే ఎన్‌జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేరుకు ఇస్తే శాశ్వత దారిమళ్లింపు జరిగిపోయింది. కొత్త టపాల సమాచారాన్ని సంకలినులకు అందించే ఫీడు చిరునామా బ్లాగర్‌లో వేరు, వర్డ్‌ప్రెస్‌లో వేరు కాబట్టి దాన్ని కూడా ఆ జాబితాలో చేర్చాలి. సొంత డొమైన్ లేని నా కట్టడాల బ్లాగుకు ఈ సౌలభ్యం లేదు. బ్లాగ్‌స్పాట్ చిరునామా నుంచి బయటి డొమైన్‌కు సర్వరు స్థాయి దారిమళ్లింపు బ్లాగర్ ఇవ్వదు, అందుకని పాత బ్లాగును అలాగే ఉంచి ప్రతి టపా పైన కొత్త చోటి లంకె పెట్టాను. వర్డ్‌ప్రెస్.కామ్ మాత్రం ఏడాదికింత అని రుసుము తీసుకొని దారి మళ్లిస్తుంది. ఇప్పుడు తరలించే ఆలోచన లేకపోయినా సరే, డొమైన్ ఈరోజే కొనిపెట్టుకొమ్మని తెలుగు బ్లాగర్లందరినీ కోరుతున్నాను.

కొత్త చోట తెలుగు చిరునామాలతో మరో చిక్కు ఉంది. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికనే చిరునామాగా మారుస్తుంది, బ్రౌజరులో అది ముచ్చటగానే కనిపిస్తుంది. అయితే వెబ్‌లో వాడే యూనికోడ్ రూపం యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది, చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిసి మూడు గుర్తులుగా మారుతుంది, అంటే ఒక్కో సంకేతానికి తొమ్మిది గుర్తులు. డేటాబేసులో ఆ గడి పరిమితి 200. ఆ లెక్కన ఇరవై రెండు సంకేతాలకు మించి పట్టవు, గుడింతాలూ పొల్లూ కూడా విడి సంకేతాలే. ‘కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర’ అని శీర్షిక పెడితే చిరునామా ‘కొండపల్లి-బొమ్మలకు-వాడే’ దగ్గర ఆగిపోతుంది. టపా దేని గురించో ఆ మాటే చిరునామాలో ఉండదు. దాన్ని వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తుల బారు వస్తుంది, చూసినవారు ఏదో వైరస్ లంకె అనుకొని నొక్కరు. అందువల్ల మా ముగ్గురికీ ఒక నియమం పెట్టుకున్నాం: శీర్షిక ఎంత పొడుగైనా తెలుగులోనే, చిరునామా మాత్రం రెండు మూడు మాటల్లో ఇంగ్లీషు అక్షరాలతో చేత్తో రాయడం. తెలుగు మీద ప్రేమ ఉన్నవాడిగా ఈ నియమం నాకు తృప్తినివ్వదు, కానీ పాఠకుడు టపా దాకా చేరడం ముఖ్యం.

రోజువారీ వాడకంలో నా భార్యకు, బావమరిదికి ఎదురైన ఇబ్బందులు చిన్నవి, కానీ ముందే తెలియకపోతే విసుగు పుట్టించేవి. మల్టీసైట్‌లో ఒక్కో ఫైలు పరిమితి మొదట 1500 కిలోబైట్లుగా ఉంటుంది. ఈనాటి ఫోను తీసే ఫోటో అంతకన్నా పెద్దది కాబట్టి, నెట్‌వర్క్ సెట్టింగుల్లో దాన్ని పెంచేదాకా ఏ ఫోటో ఎక్కదు. రెండోది, టపాలో ఏ కోడునైనా అతికించే హక్కు మొత్తం ఏర్పాటును చూసుకునే సూపర్ అడ్మిన్‌కు (ఇక్కడ నాకు) తప్ప మరెవరికీ ఉండదు. యూట్యూబ్ ఇచ్చే కోడు తెచ్చి అతికించి, భద్రపరచగానే మాయమైపోతే, “బావగారూ, నేను పెడుతుంటే మీరు తీసేస్తున్నారా?” అని ఫోను చేశాడు మా బావమరిది. కోడుకు బదులు వీడియో చిరునామాను విడిగా ఒక వరుసలో పెడితే చాలు, వర్డ్‌ప్రెస్సే వీడియోగా మారుస్తుందని చెప్పాక ఆయనకు మళ్లీ ఇబ్బంది రాలేదు. ఒకే లాగిన్‌తో ఎవరి బ్లాగులో వారికి తగిన హోదా ఇవ్వడం, థీములు, ప్లగిన్లు ఒక్కసారి అప్‌డేట్ చేస్తే నాలుగింటికీ వర్తించడం ఇందులోని పెద్ద సుఖాలు.

ఉమ్మడి కాపురంలో సుఖంతోపాటు కష్టం కూడా ఉమ్మడే. 2021 చివరలో గుంటూరు చుట్టుపక్కల మిరప తోటలను నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు, పూతలో దాన్ని ఎలా గుర్తించాలో, నీలి రంగు జిగురు అట్టలు ఎందుకు పెట్టాలో మా బావమరిది వివరంగా ఒక టపా రాశాడు. అది రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి, ఒక సాయంత్రం రెండు జీబీ మెమరీ ఉన్న మా సర్వరు ఊపిరాడని స్థితికి వచ్చింది, దానితోపాటు వంటల బ్లాగు, నా రెండు బ్లాగులు కూడా నిలిచిపోయాయి. పుటను ప్రతిసారీ డేటాబేసు నుంచి తయారుచేయకుండా సిద్ధంగా ఉంచిన నకలును ఎన్‌జిన్‌ఎక్స్ నుంచే ఇచ్చేలా పేజీ క్యాష్ పెట్టిన తరువాత, అదే సర్వరు అంతకు మించిన రద్దీని కూడా తట్టుకుంది. అందువల్ల క్యాష్‌ను తరువాత చూసుకోవచ్చని అనుకోకుండా మొదటి రోజునే పెట్టుకోవాలన్నది నా సలహా. ఆ వారాల్లో ఆ టపా కింద రైతులు అడిగిన ప్రశ్నలు, ఆయన ఓపికగా ఇచ్చిన జవాబులు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ శ్రమంతా దేనికని ఎవరైనా అడిగితే నేను ఆ పుటనే చూపిస్తాను.

నిర్వహణ భారం ఎంతన్నది నిజాయితీగా చెప్పాలి. వారానికి ఒక గంట కేటాయించలేనివారు ఈ పనిలోకి దిగకపోవడమే మంచిది. సైటుకు సురక్షిత చిరునామా (హెచ్‌టీటీపీఎస్) ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ధ్రువపత్రాలు గడువు తీరకముందే వాటంతటవే కొత్తవవుతాయి, అయినా అయ్యాయో లేదో చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో 7.4 వెర్షన్‌కు దాని రూపకర్తల మద్దతు 2022 నవంబరుతో ముగిసింది. కొత్తదానికి మారేముందు నకలు సర్వరు మీద పరీక్షిస్తే, వంటల బ్లాగులోని పాత ఫోటోల ప్లగిన్ పీహెచ్‌పీ 8లో పనిచేయలేదు. దాన్ని తీసి వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్న గ్యాలరీ బ్లాకుతో అన్ని టపాలను మార్చడానికి ఒక వేసవి పట్టింది. సర్వరు నుంచి నేరుగా పంపే మెయిళ్లు చాలాసార్లు చేరవు కనుక, పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి లంకె అందాలంటే విడిగా ఒక మెయిల్ సేవను కలపాలి. డబ్బు విషయానికొస్తే, సర్వరుకు నెలకు అయిదు వందల రూపాయల చిల్లర, డొమైన్లకు ఏడాదికోసారి వేరుగా అవుతుంది. విదేశీ సంస్థ దగ్గర తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కార్డు నుంచి వాటంతటవే జరిగే చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. ఆటో డెబిట్ మీద భరోసా పెట్టుకోకుండా ముందుగానే ఏడాది మొత్తం జమ చేస్తే సర్వరు ఆగిపోయే ప్రమాదం ఉండదు.

ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరు పెట్టి నడపవచ్చు కదా అని కొందరు మిత్రులు అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మా వైపు కూడా కరెంటు, నెట్ సరిగా లేవు. ముంబయి డేటా సెంటరులో ఉన్న సర్వరు మాత్రం ఏ ఆటంకమూ లేకుండా నడిచింది. ప్రతి రాత్రి డేటాబేసు నకలు, కొత్తగా ఎక్కిన ఫోటోలు మా ఇంటికి చేరతాయి. మరో నకలును హార్డ్ డిస్కులో పెట్టి గుంటూరు వెళ్లినప్పుడల్లా బావమరిది ఇంట్లో మారుస్తాను. కృష్ణకు ఇవతల ఒకటి, అవతల ఒకటి ఉంటే నాకు నిశ్చింత.

తెలుగు వెతుకులాటలో మాత్రం వర్డ్‌ప్రెస్ ఇప్పటికీ నిరాశే మిగులుస్తుంది. అది అక్షరాల వరుసను యథాతథంగా పోల్చి చూస్తుంది కాబట్టి, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో కంటికి కనిపించని విభజన గుర్తు ఒకచోట ఉండి మరోచోట లేకపోతే ఆ టపా దొరకదు. ఫాంటు విషయంలో ‘మండలి’ అనే తెలుగు ఫాంటు బాగా నప్పింది. ఒత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం కాస్త పెంచితే చాలు.

ఇక చివరగా, ఇందులో నుంచి బయటికి వెళ్లే దారి. మా మేనల్లుడు తన తండ్రి బ్లాగును వేరే సర్వరులో తానే నడుపుతానని ఈమధ్య అడిగాడు. టపాలు, వ్యాఖ్యలు మామూలు ఎగుమతి ఫైలుతో తేలిగ్గానే వెళ్తాయి. ఫోటోలు మాత్రం ఆ బ్లాగు సంఖ్యతో ఉన్న ప్రత్యేక ఫోల్డరులో ఉంటాయి కాబట్టి వాటి దారులన్నీ టపాల్లో మార్చాలి. వాడుకరులు ఉమ్మడి పట్టికలో ఉన్నందున రచయితను కొత్త చోట మళ్లీ జతచేయాలి. కమాండు వరుసలో నడిచే డబ్ల్యూపీ-సీఎల్ఐ పరికరంలోని వెతికి మార్చే ఆదేశంతో ప్రయోగాత్మకంగా చేసి చూశాం. తామర పురుగు టపా, దాని కింది ప్రశ్నలు, జవాబులు ఫోటోలతో సహా కొత్త చోట తెరుచుకున్నాయి. డొమైన్ ఆ బ్లాగుదే కాబట్టి చిరునామాలు మారవలసిన పని లేదు. మేనల్లుడు సర్వరు తీసుకోగానే మిగతా పని ఒక పూటలో ముగుస్తుంది.