హైదరాబాద్ నుంచి క్యారవాన్ యాత్రలు: ఏ మజిలీలో బ్యాటరీ ఎంత నిండుతుంది

క్యారవాన్ అనగానే మనలో చాలామందికి సినిమా షూటింగుల దగ్గర ఆగి ఉండే ఏసీ బండి గుర్తొస్తుంది. దాని పక్కన జనరేటర్ నడుస్తూ ఉంటుంది కాబట్టి బ్యాటరీ గురించి ఎవరూ ఆలోచించరు. కుటుంబంతో అనంతగిరికో, సాగర్‌కో వెళ్లే క్యారవాన్‌కు ఆ వెసులుబాటు లేదు. రాత్రి లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ల పంపు అన్నీ లోపలున్న 12 వోల్టుల బ్యాటరీ మీదే నడవాలి. మర్నాటికి అది మళ్లీ నిండాలి. అద్దెకు తీసుకున్నా, సొంతంగా కట్టించుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఆగే చోట గోడకున్న ప్లగ్ పాయింట్ ఎంత మోయగలదు? చార్జర్ సైజు దాన్ని బట్టి ఉండాలి. బ్యాటరీ ఎంత పెద్దదన్నది రెండో లెక్క.

బండిలో మూడు పెట్టెలు ఉంటాయి, వాటిని కలగాపులగం చేసుకోవద్దు. కన్వర్టర్ చార్జర్ అంటే గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చి, లైట్లూ పంపూ నడుపుతూనే బ్యాటరీని నింపేది. ఇన్వర్టర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం: బ్యాటరీ నుంచి 230 తయారు చేస్తుంది. మూడోది డీసీ టు డీసీ చార్జర్, బండి నడుస్తున్నప్పుడు ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి కరెంటు తీసుకుని వెనక బ్యాటరీకి ఇస్తుంది. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కే చార్జర్‌ను తగిలించిన బండ్లు కూడా ఉంటాయి. ఇన్వర్టర్ ఆన్ చేయగానే బ్యాటరీ తన కరెంటుతో తననే నింపుకుంటున్నట్టు తిరుగుతుంది, ప్రతి చుట్టుకూ కొంత వేడిగా పోతుంది. అద్దె బండి తీసుకునేటప్పుడు బయటి ప్లగ్గు తీసేసి, ఇన్వర్టర్ ఆన్ చేసి చూడండి. చార్జర్ లైటు వెలిగితే వైరింగ్ తప్పు.

అమెరికా వీడియోల్లో కనిపించే 30 ఆంప్, 50 ఆంప్ పెడస్టల్స్ (క్యారవాన్ ప్లగ్గు పెట్టే స్తంభాలు) 120 వోల్టుల వ్యవస్థవి. ఆ కొలతలు ఇక్కడ పనికిరావు. మన దగ్గర దొరికేవి రెండే: 6 ఆంప్ సాకెట్, 16 ఆంప్ సాకెట్.

రోజు ఖర్చు లెక్క వేద్దాం. 45 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్ మన ఎండాకాలంలో రోజుకు 35 నుంచి 45 ఆంపియర్ అవర్లు తాగుతుంది (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు తీస్తే ఒక ఆంపియర్ అవర్). రూఫ్ ఫ్యాను రాత్రంతా తిరిగితే 20, లైట్లు, పంపు, ఫోన్లు కలిపి మరో 15. మొత్తం 80 దగ్గర తేలుతుంది. 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటే రెండు రాత్రులు నిశ్చింతగా గడుస్తాయి. ఏసీ మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఒక టన్ను ఏసీ 1,100 వాట్లు తీసుకుంటే, ఇన్వర్టర్ నష్టంతో కలిపి బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. రెండు గంటల్లో బ్యాటరీ ఖాళీ. "బ్యాటరీ మీద రాత్రంతా ఏసీ" అని అద్దెకిచ్చేవాళ్లు చెబితే బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లో అడగండి. వెయ్యికి దగ్గర్లో ఉంటే తప్ప నమ్మవద్దు.

ఇక చార్జర్. 60 ఆంపియర్లది కొంటే త్వరగా నిండుతుందని అందరికీ అనిపిస్తుంది. 60 ఆంపియర్లు 14.4 వోల్టుల దగ్గర ఇవ్వాలంటే అది గోడ నుంచి 980 వాట్ల దాకా తీసుకోవాలి. పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్ (అదే పనికి గోడ నుంచి అదనపు కరెంటు లాగకుండా చూసే ఏర్పాటు) లేని చవక రకమైతే 230 వోల్టుల దగ్గరే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, వోల్టేజీ 200కు పడిన ఊళ్లో ఏడున్నర. 6 ఆంప్ సాకెట్ వేడెక్కుతుంది, లేదా ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆపేసే స్విచ్) పడిపోతుంది. కరెక్షన్ ఉన్న 30 ఆంపియర్ల చార్జర్ గోడ నుంచి రెండు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే తీసుకుంటుంది, ఏ గదిలోని సాకెట్ అయినా మోస్తుంది. 20 శాతానికి దిగిన 200 ఆంపియర్ అవర్ల లిథియం దానితో ఆరు గంటల్లోపు నిండుతుంది. మీరు పడుకునేది అంతకన్నా ఎక్కువ సేపే కదా! కరెంటు పరిమితిని 10, 20, 30గా మార్చుకునే వీలున్న రకం దొరికితే అదే తీసుకోండి.

ఈ లెక్కతో మన దగ్గరి మజిలీలను తూచవచ్చు.

అనంతగిరి హైదరాబాద్‌కు 80 కిలోమీటర్ల లోపే. రెండు గంటల ప్రయాణంలో 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ ఇచ్చేది 60 ఆంపియర్ అవర్లే, ఒక రోజు ఖర్చుకు కాస్త తక్కువ. పైగా అక్కడి అందమంతా చెట్ల నీడ, కాబట్టి కప్పు మీది సోలార్ ప్యానెల్ చేసేది కొంచెమే. బండి చల్లగా ఉండటానికి నీడా, ప్యానెల్‌కు ఎండా రెండూ ఒకేచోట దొరకవు. ఎండాకాలంలో నీడనే ఎంచుకోండి, ఆదా అయ్యే ఫ్రిజ్ కరెంటు కూడా తక్కువేం కాదు. రెండు రాత్రులు ఉండాలంటే ప్లగ్ పాయింట్ ఉన్న బస తప్పనిసరి. వికారాబాద్ చుట్టుపక్కల ఫామ్ స్టేలు చాలా ఉన్నాయి. వాటిలో చూసుకోవాల్సింది వోల్టేజీ. చుట్టూ బోరు మోటార్లు నడిచే వేళ 190కి దిగిపోవచ్చు. చార్జర్ ఇన్‌పుట్ పరిధి 170 లేదా 180 నుంచి మొదలయ్యేది అయితే పని నడుస్తుంది, 200 దగ్గరే ఆగిపోయే రకమైతే అర్ధరాత్రి దాకా వేచి చూడాలి.

నాగార్జునసాగర్ 150 కిలోమీటర్లు, మూడు గంటల పైమాటే. దారిలోనే 90 ఆంపియర్ అవర్లు వస్తాయి, అంటే ఆ రోజు ఖర్చు చేరేసరికే తీరిపోతుంది. జలాశయం దగ్గర ఎండ ధారాళం. 200 వాట్ల ప్యానెల్ వేసవిలో రోజుకు 50 నుంచి 60 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. ప్యానెల్ వేడెక్కే కొద్దీ డిగ్రీకి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి పెట్టె మీద రాసిన అంకె మే నెలలో రాదు. కరెంటు పరంగా సాగర్ సులువైన మజిలీ. కష్టమంతా వేడితోనే, దాని సంగతి కింద చెబుతాను.

శ్రీశైలం దారి క్యారవాన్‌కు అన్నిటికన్నా బాగా చార్జింగ్ ఇచ్చేది. 215 కిలోమీటర్లు, ఐదు గంటలు, చివర్లో ఘాట్. తక్కువ గేర్లో ఎక్కువ వేగంతో తిరిగే ఇంజిన్ కాబట్టి ఆల్టర్నేటర్ పూర్తి సత్తా చూపిస్తుంది. 150 ఆంపియర్ అవర్లు చేరతాయి. అయితే మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. మధ్యలో ఆగి బండిలో పడుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. కొండ మీద కార్తీక మాసం, శివరాత్రి రోజుల్లో సత్రాల దగ్గర బండి నిలపడానికే చోటు కష్టం, ప్లగ్ పాయింట్ ఊసే ఉండదు. ఆ రోజుల్లో బ్యాటరీ మీదే రెండు రాత్రులు గడిపేలా వెళ్లండి, లేదా మామూలు వారాల్లో వెళ్లండి.

రామప్ప, లక్నవరం కలిపి చూసేవాళ్లకు వరంగల్ మంచి ఆసరా. ఫ్యూజు, లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొస), వైరు ముక్క ఏది కావాలన్నా అక్కడే కొనుక్కోవాలి, ములుగు దాటాక అన్నీ దొరుకుతాయని ధీమా వద్దు. బీదర్ 145 కిలోమీటర్లు, సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తు. హైదరాబాద్ కన్నా రాత్రులు చల్లగా ఉంటాయి, ఏసీ లేకుండా ఫ్యానుతో నిద్రపట్టే చోటు. చార్జింగ్ దృష్టితో మొదటి యాత్రకు ఏది మంచిదంటే బీదరే: దారి బాగుంటుంది, ప్రయాణంలోనే బ్యాటరీ నిండుతుంది, ఏదైనా చెడినా మూడు గంటల్లో ఇంటికి రావచ్చు.

బస బుక్ చేసేటప్పుడు "క్యారవాన్ పార్కింగ్ ఉందా" అని అడిగితే అన్ని చోట్లా ఉందనే జవాబు వస్తుంది. "బండి నిలిపే చోటికి 20 మీటర్లలోపు గీజరు పాయింటో, ఏసీ పాయింటో ఉందా" అని అడగండి. అది 16 ఆంప్ సాకెట్ అని వాళ్లకూ మీకూ తెలిసిపోతుంది. డబ్బు మాట కూడా ముందే తేల్చుకోండి. 200 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి నింపడానికి అయ్యేది మూడు యూనిట్ల లోపే. ఈ లెక్క చెప్పి యూనిట్ల చొప్పున ఇస్తామంటే చాలామంది యజమానులు అభ్యంతరం పెట్టరు. రాత్రంతా ఏసీ కూడా వేస్తే ఇంకో ఏడెనిమిది యూనిట్లు, అది విడిగా చెప్పడమే న్యాయం.

ప్లగ్గు పెట్టే ముందు మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయండి. ఫేజు, న్యూట్రల్ మధ్య 200 నుంచి 250. ఫేజు, ఎర్త్ మధ్య దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య 5 వోల్టుల లోపు. రెండో కొలత 100 చుట్టూ ఊగుతుంటే ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేదు. చార్జర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల అప్పుడు బండి ఇనుప బాడీ మీదికి సగం వోల్టేజీ వస్తుంది, తడి నేల మీద చెప్పుల్లేకుండా తలుపు పట్టుకున్న పిల్లవాడికి జివ్వుమంటుంది. ఆ సాకెట్‌ను వదిలేయండి. బండి ఇన్‌పుట్ దగ్గర 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండి తీరాలి, అది ఎర్తింగ్‌కు బదులు మాత్రం కాదు. దానితో పాటు హై, లో వోల్టేజీలకు ఆఫ్ అయి, మూడు నిమిషాల తర్వాత తిరిగి ఆన్ అయ్యే ప్రొటెక్టర్ పెట్టించండి. న్యూట్రల్ తెగితే సాకెట్‌లోకి 400 వోల్టుల దాకా రావచ్చు, కరెంటు పోయి జనరేటర్ అందుకునేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది. రెండింటికీ ఇదే మందు.

వైరు 2.5 స్క్వేర్ ఎం.ఎం. మూడు కోర్ల రాగిది, 25 మీటర్లు. 16 ఆంపియర్లకు కూడా అందులో పోయేది 6 వోల్టులే. డ్రమ్ముకు చుట్టిన వైరైతే మొత్తం విప్పి పరచాలి, చుట్టగా ఉంచి ఏసీ నడిపితే లోపల వేడి చిక్కుకుని తొడుగు కరుగుతుంది. ముందు బండి వైపు, తర్వాత గోడ వైపు, చివరగా చార్జర్ స్విచ్ వేయండి. పది నిమిషాలకు ప్లగ్గు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు నిలవనంత వేడైతే కరెంటు పరిమితి సగం చేయండి. చాలాసార్లు తప్పు సాకెట్‌లోని వదులు స్ప్రింగుదే.

వేడి విషయానికొస్తే, మే నెలలో ఎండలో నిలిపిన బండి లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. లిథియం బ్యాటరీలకు చాలా కంపెనీలు చార్జింగ్ హద్దుగా 45 డిగ్రీలు చెబుతాయి. ఆ పైన ఒక స్థాయిలో బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది. చార్జర్ పాడైందని దాన్ని విప్పుతూ కూర్చోవద్దు, సాయంత్రం అయ్యాక మళ్లీ చూడండి. లెడ్ బ్యాటరీ అలా ఆగదు, ఊరుకుంటే ఉడికిపోతుంది. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి చార్జింగ్ వోల్టేజీని 20 నుంచి 30 మిల్లీవోల్టులు తగ్గించాలి. 40 డిగ్రీల దగ్గర 14.4 ఇవ్వాల్సింది 14.1, 14.0 మధ్య ఇవ్వాలి. దీనికి బ్యాటరీకి అంటించే టెంపరేచర్ సెన్సర్ వైరు ఉంటుంది, చార్జర్‌తో పాటు అది వస్తుందో లేదో కొనే ముందే చూసుకోండి. చార్జర్ చుట్టూ పది సెంటీమీటర్ల ఖాళీ వదలండి.

ఖర్చు తగ్గుతుందని ఇంటి ఇన్వర్టర్, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకుంటున్నవారు ఉన్నారు. నిద్రపోయే చోట అది వద్దు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, ఘాట్ మలుపుల్లో యాసిడ్ చిందుతుంది. పైగా చివరి 20 శాతం నిండడానికి గంటల తరబడి పడుతుంది కాబట్టి రోజూ సగం చార్జింగ్‌తోనే తిరిగి, ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని త్వరగా పోతుంది. లెడ్ రకమే కావాలనుకుంటే సీలు వేసిన ఏజీఎం (యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే రకం) తీసుకోండి.

పని చేయించుకోవడానికి హైదరాబాద్‌లో చోట్లకు కొదవ లేదు. వైర్లు, ఆర్‌సీసీబీ, ఎంసీబీ పెట్టెలకు కోఠి పక్కన ట్రూప్ బజార్. లగ్గులు, క్రింపింగ్ పనిముట్లకు రాణీగంజ్. బండి వైపు వైరింగ్‌కు హయత్‌నగర్ దారిలోని ఆటోనగర్. లారీ ఎలక్ట్రీషియన్లు 12, 24 వోల్టుల పనిలో ఆరితేరినవాళ్లు, 230 వైపు పని మాత్రం ఇళ్ల వైరింగ్ తెలిసినవారితో విడిగా చేయించండి. డీసీ టు డీసీ చార్జర్‌కు ఇంజిన్ బ్యాటరీ నుంచి 16 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, రెండు బ్యాటరీల దగ్గరా ఒక్కో 50 ఆంప్ ఫ్యూజు అడగండి. 6 స్క్వేర్ ఎం.ఎం. వైరుతో ముగించబోతారు, ఐదు మీటర్ల దూరానికి దానిలో ఒక వోల్టు పోతుంది. బీఎస్6 బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటర్ పైకీ కిందికీ మారుస్తుంది కాబట్టి వోల్టేజీ చూసి పనిచేసే రిలే నిలకడగా ఉండదు, ఈ చార్జర్‌ను ఇగ్నిషన్ వైరుతో ఆన్ అయ్యేలా కలపమనండి. మధ్యలో ఒక స్విచ్ కూడా పెట్టించండి. కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా ట్రాఫిక్‌లో పాకే గంటన్నర ఐడిల్‌లో ఆల్టర్నేటర్ వేడెక్కిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాకే స్విచ్ వేయడం మేలు.

యాత్రల మధ్య బండి అపార్ట్‌మెంట్ సెల్లారులో నెలల తరబడి ఉంటుంది. అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ అలారం, స్టీరియో మెమరీ, ఫ్రిజ్ డిస్‌ప్లే కలిసి 0.15 ఆంపియర్లు లాగుతూనే ఉంటాయి, నెలకు 108 ఆంపియర్ అవర్లు. లిథియం అయితే 50, 60 శాతం దగ్గర ఉంచి మెయిన్ ఐసొలేటర్ (బ్యాటరీని విడదీసే స్విచ్) ఆఫ్ చేయండి, చార్జర్ తగిలించి ఉంచాల్సిన పని లేదు. లెడ్ అయితే 13.5 వోల్టుల ఫ్లోట్ (నిండిన బ్యాటరీని నిండుగానే నిలిపే తక్కువ చార్జింగ్) మీద ఉండాలి. దానికి సెల్లారులోని కామన్ మీటర్ సాకెట్ వాడాల్సి వస్తే అసోసియేషన్‌తో ముందే మాట్లాడి, చిన్న సబ్ మీటర్ బిగించుకోండి. ఇంజిన్ బ్యాటరీని మరిచిపోకండి. వెనక బ్యాటరీని ఎంత బాగా చూసుకున్నా, నెల రోజులు కదలని బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం ఎక్కువగా ముందున్నదే.