ఏఐ రాతను పట్టేసే టూల్: చెప్పేదెంత, చేసేదెంత

'వంద శాతం పక్కా' అని గొప్పగా రాసుకున్న ఒక ఏఐ డిటెక్టర్‌ని డబ్బు కట్టి మరీ వాడాను, పేరెందుకులెండి, అన్నీ ఒక తాను గుడ్డలే. నేను సొంతంగా రాసుకున్న ఇంగ్లిష్ ఉత్తరం మెషీన్ రాసిందని తేల్చింది, చాట్‌బాట్ రాసిచ్చినదాంట్లో నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి పెడితే మాత్రం మనిషి రాతేనని సర్టిఫికెట్ ఇచ్చేసింది!

లోపల మ్యాజిక్ ఏమీ లేదు. తర్వాత వచ్చే మాటని ఎంత సులువుగా ఊహించొచ్చు, వాక్యాల తీరు ఎంత మారుతోంది అని లెక్కేసి, ఏఐ రాత ఎంత శాతమో ఒక అంచనా చెబుతుంది, అంతే. అందుకే తేలిక పదాలతో రాసేవాళ్లు, ముఖ్యంగా ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు ఎక్కువగా బలవుతారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లని పరీక్షిస్తే, అలాంటివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతం ఏఐ ఖాతాలో పడ్డాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా కచ్చితత్వం చాలట్లేదని తన డిటెక్టర్‌ని అదే ఏడాది జులైలో తీసేసింది (వాళ్లకే కుదరనిది వీళ్లకెలా కుదిరిందో మరి).

స్పీడ్ బాగుంది, వాడటం తేలిక. కానీ ఆ శాతం ఒక్కటే చూసి విద్యార్థులకి మార్కులు కోసే టీచర్లుంటే, దయచేసి కొనకండి. రెండు స్టార్లు, అదీ స్పీడ్‌కే.