పాత దుంగల ఇళ్లకు టిమ్-బోర్: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

టిమ్-బోర్ అంటే చెక్కను పురుగు నుంచి, కుళ్లు నుంచి కాపాడే బోరాన్ లవణం. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడికి దగ్గరి చుట్టం. న్యూజెర్సీ గిబ్స్‌టౌన్‌లోని నాత్‌నేగిల్ ఇల్లు లాంటి 17వ శతాబ్దపు దుంగల ఇళ్లకు ఇలాంటి మందే నప్పుతుంది: రంగు మార్చదు, వాసన ఉండదు, చెక్క మీద పొరలా పేరుకుని తేమను లోపల బంధించదు.

గాలన్ గోరువెచ్చని నీటికి ఒకటిన్నర పౌండు, అంటే లీటరుకు సుమారు 180 గ్రాములు కలిపితే 15 శాతం ద్రావణం వస్తుంది. చన్నీళ్లలో సరిగా కరగదు, స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది. పాత పెయింటు, వార్నిష్ ఉన్నచోట మందు ఇంకదు. వాటిని తీయడానికి ప్రెషర్ వాషర్ మాత్రం పట్టుకోకండి. అది నాటి గొడ్డలి గాట్లను చెరిపేస్తుంది, అవి మళ్లీ రావు.

మందును చెక్కలోకి తీసుకెళ్లేది తడే. బాగా ఎండిన దుంగ మీద ముందు కాస్త నీళ్లు చిలకరించి, తడితడిగా రెండు పూతలు వేయండి. ఓక్ చేవలోకి పెద్దగా దిగదు. అయితే పుచ్చుపురుగు తినేది ఎక్కువగా చేవలేని పైచెక్కనే కాబట్టి అది పెద్ద లోటు కాదు. లోపల ముందే ఉన్న పురుగులు కొన్నాళ్లపాటు బయటికొస్తూనే ఉంటాయి. కొత్త రంధ్రాలు కనిపించగానే మందు పనిచేయలేదనుకోకండి.

అసలు బలహీనత వాన. లోపలికి తీసుకెళ్లిన నీరే బయటికీ లాగేస్తుంది. పూత ఆరేదాకా గోడకు టార్పాలిన్ కట్టాలి. ఎండాక తెల్లగా పేరుకున్న స్ఫటికాలు బ్రష్‌తో దులిపి, వాన కొట్టే గోడకు ఆవిరిని బయటికి పోనిచ్చే నీటి నిరోధక పూత వేయాలి. మొక్కలకు బోరాన్ విషం. గోడవారన ఉన్న పాదులు కప్పేయండి.

తేమ మీటరు 20 శాతం దాటుతుంటే ఈ పొడి కొనేముందు నీరెక్కడిదో చూడండి. చాలాసార్లు కారణం చూరు నుంచి పడి చిమ్మే వాననీరు, లేదంటే దుంగల సందుల్లో ఎవరో పూసిన సిమెంటు. దుంగ ఎండి కుంచించుకుపోతే సిమెంటుకీ చెక్కకీ మధ్య చీలిక వస్తుంది. అందులోకి దిగిన నీరు బయటికి రాదు, కింది దుంగ పైఅంచు నుంచి కుళ్లుతుంది. ఆ సిమెంటును జాగ్రత్తగా తీసేసి, ఆ ఇంటికి మొదట వాడిన మట్టో సున్నమో పెట్టాలి.

నేలకు దగ్గరగా ఉన్న అడుగు దుంగకూ, మూలల్లో బయటికి పొడుచుకొచ్చిన కొసలకూ స్ప్రే చాలదు. అక్కడ రంధ్రం చేసి బోరాన్ కడ్డీలు దించండి. చెక్క తడిసినప్పుడల్లా అవి కొంచెం కొంచెంగా కరుగుతాయి.