రెండేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్: బండి వణుకుడు పట్టుకోడానికి ఎంతవరకు పనికొచ్చిందంటే

మాది 2016 మోడల్ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, మాన్యువల్ గేరు, లక్షా ఇరవై వేలు తిరిగింది, ఎక్కువ భాగం నెల్లూరు ఒంగోలు మధ్య హైవే మీదే. రెండేళ్ల కిందట బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొన్నా, అంటే బండి కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్లని ఫోన్లో చూపించే చిన్న పరికరం, ఈఎల్ఎం327 అనే చిప్పు రకం, వెయ్యి రూపాయల్లోపే. ఎందుకు కొన్నానో చెప్తే గానీ అది ఎంత పనికొస్తాదో అర్థం కాదు.

రాజంపేటలో మా చెల్లెలి ఇంటికి పోతా ఉన్నాం, బండిలో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిలకాయలు, డిక్కీ నిండా సామాన్లు. రాపూరు దాకా ఏమీ లేదు. ఆడ దాటి చిట్వేలు ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేర్లో తొక్కితే చలిజ్వరం వచ్చినోడు వణికినట్టు బండి మొత్తం గడగడా వణికింది, కాలు తీస్తే తగ్గుద్ది, మళ్ళా తొక్కితే మళ్ళా అదే, మీటర్లో ఇంజిన్ లైటు టిప్పు టిప్పుమని ఆరతా వెలగతా ఉంది. అమ్మ "నాయనా ఆపెయ్, వెనక్కి పోదాం" అనింది, అదే మంచిదైంది. ఆ లైటు ఆరకుండా వెలిగి ఉంటే మెల్లగా ఇంటికి చేరొచ్చు, కొట్టుకుంటా ఉంటే మాత్రం గట్టిగా తొక్కకూడదు, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగలో విషవాయువులు తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తాది, దాని ధర వింటే గుండె ఆగుద్ది.

మొదట చూపించిన షెడ్లో ఐదు నిమిషాలు తిప్పి క్లచ్ ప్లేట్లు పోయినాయి, పన్నెండు వేలు అవుద్ది అన్నారు. నాకు నమ్మకం కుదరలా. క్లచ్ జారితే ఇంజిన్ రేసు పెరుగుద్ది గానీ బండి వేగం అంతగా పెరగదు, క్లచ్ అదిరితే ఫస్ట్ గేర్లో కదిలించేటప్పుడు అదురుద్ది, అంతేగానీ ఇంజిన్ లైటు కొట్టుకోదు కదా. ఆ రోజు రాత్రే స్కానర్ ఆర్డర్ పెట్టా.

వాడకం సులువే. స్టీరింగ్ కింద డాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటాది, గుచ్చి కీ ఆన్ చేసి ఫోన్లో యాప్ తెరిస్తే చాలు. మన దేశంలో 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన చాలా కార్లకు ఈ కోడ్లిచ్చే ఓబీడీ 2 పద్ధతి ఉంటాది కాబట్టి ఆ తర్వాత బండ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. నాకు వచ్చిన కోడు పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్ కొడతా ఉంది, అందులో పెట్రోల్ సరిగ్గా మండట్లా. 0301 నుంచి 0304 దాకా అయితే చివరి అంకె సిలిండర్ నంబరు, 0300 వస్తే ఫలానాది అని చెప్పలేక అక్కడా ఇక్కడా మిస్ అవతా ఉందని.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోడు ఏ సిలిండరో చెప్పింది గానీ ఏ పార్టో చెప్పలా. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ కావచ్చు, స్పార్క్ కొట్టే ప్లగ్గు కావచ్చు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కావచ్చు, సిలిండర్లో కంప్రెషన్ (ఒత్తిడి) తగ్గి కూడా కావచ్చు. నేను చేసింది ఏందంటే, ఇంజిన్ చల్లారినాక రెండో కాయిల్, మూడో కాయిల్ అటూ ఇటూ మార్చా. రెండోది పైకి లాగితే కింద రబ్బరు నల్లగా నూనెతో తడిసి చేతికంటింది, టార్చి వేసి చూస్తే ప్లగ్గు గుంతలో ఆయిల్ నిలబడి ఉంది. కోడు క్లియర్ చేసి పొదలకూరు రోడ్డు మీదకి తీసకపొయ్యి, మూడో గేర్లో తక్కువ స్పీడు నుంచి గట్టిగా తొక్కా. వణికింది. ఈసారి పీ0303. కాయిల్‌తో పాటే రోగం కూడా మూడో సిలిండర్‌కి నడిచొచ్చింది, అంతే, తప్పు కాయిల్‌దేనని తేలిపోయింది.

ఘాట్లోనే ఎందుకు బయటపడిందంటే, లోడు మీద సిలిండర్లో ఒత్తిడి పెరుగుద్ది, అంత ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, బలం తగ్గిన కాయిల్ అక్కడ చేతులెత్తేస్తాది. నెల్లూరు ఆటోనగర్లో మాకు తెలిసిన మేస్త్రీ కాడికి పోతే "కాయిల్ ఒక్కటే మారిస్తే మళ్ళా వస్తావు అబ్బయా, ముందు ఆ ఆయిల్ ఆపాలి" అని ఇంజిన్ పైమూత కింద ఆయిల్ కారకుండా ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ కూడా మార్చినాడు. నాలుగు ప్లగ్గులు, ఒక కాయిల్, ప్యాకింగ్, కూలీ అన్నీ కలిపి ఐదు వేలు దాటలా.

ఇంతవరకు స్కానర్‌కి పదికి పది ఇచ్చేవాడ్ని. కానీ పోయినేడాది ఇంకో వణుకు మొదలైంది, కావలి దాటినాక డెబ్భై నుంచి తొంభైకి లాగేటప్పుడు సీటు కింద నేల పక్కలకి ఊగినట్టు, కాలు తీస్తే టక్కున బందు. స్కానర్లో కోడు లేదు, మిస్‌ఫైర్ లెక్క సున్నా. కోడు లేదంటే ఇంజిన్ బాగుందని అనుకోని రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించా, డబ్బు దండగ. చక్రం బ్యాలెన్స్ తప్పితే ఆ స్పీడులో కాలు తీసినా ఊగతానే ఉండాలి, తొక్కితేనే వస్తా ఉంటే చూడాల్సింది యాక్సిల్, అంటే ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ. మేస్త్రీ బండి లేపి ఎడమ యాక్సిల్ పట్టుకోని ఊపినాడు, లోపలి వైపు జాయింటు మీదుండే రబ్బరు బూటు క్లిప్పు వదులై గ్రీజు అంతా చిమ్మి ఉంది. విప్పి ఆ జాయింటు కప్పు లోపల నా వేలు పెట్టి తడవమన్నాడు, మూడు బేరింగులు నడిచే దారుల్లో గోటికి తగిలేంత గాడి. లోడు పడినప్పుడు ఆ గాడిలో ఇరుక్కుంటా దాటతా ఉంటే బండి ఊగుద్ది. మలుపులో టకటకమంటే బయటి జాయింటు, నేరుగా పోతా తొక్కితే ఊగితే లోపలిది. ఎడమ యాక్సిల్ మార్చినాం, ఆ ఊగుడు మళ్ళా లేదు.

స్కానర్‌తో నాకు ఉన్న ఫిర్యాదులు: గుచ్చి వదిలేస్తే బ్యాటరీ తాగేస్తాది, ఒకసారి ఊరికి పోయి ఆరు రోజులకి వస్తే సెల్ఫు తిరగలా. అప్పుడప్పుడు కనెక్షన్ తెగుద్ది. నాది పాత రకం బ్లూటూత్, ఐఫోన్‌కి కలవలేదు. ఇంకొకటి, లైటు ఆరిపోవాలని మేస్త్రీకి చూపించకముందే క్లియర్ నొక్కొద్దు దయచేసి, కోడు వచ్చిన క్షణంలో రేసు ఎంత, లోడు ఎంత, వేడి ఎంత అనే లెక్క కూడా దాంతోపాటే చెరిగిపోద్ది, అది స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే ఏదైనా చెయ్యండి.

మొన్న ఆయిల్ మార్పించేటప్పుడు కుడి యాక్సిల్ బూటు కూడా టార్చి వేసి చూశా, మడతల్లో సన్నగా పగుళ్ళు మొదలైనాయి, గ్రీజు ఇంకా బయటికి రాలా. వచ్చేవారం బూటు మార్పిస్తా ఉన్నా.